ప్రాచీన యవనుల సంఘము, మతము, సంస్కృతి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



జి.మాడుగుల కొండలలో యవనుల కథ ఎందుకని మీరడుగవచ్చును. మనమిప్పుడు గ్రీకులనువారినే మన పూర్వులు యవనులనిరి. చంద్రగుప్త మౌర్యుని కొలువునకు రాయబారిగా వచ్చిన మెగస్తనీసు ఆ జాతివాడే. అతడు వ్రాసిన ‘ఇండికా’ గ్రంథము నేడు లభించుట లేదు. క్రీ.శ. 1వ శతాబ్దమున ప్లినీ యను రోమను రచయిత, ఆంధ్రులకు ప్రాకారములుగల పట్టణములు 30, కాల్బలము లక్ష, గుఱ్ఱపుదళము 2,000, ఏనుగులు 1,000 కలవని వ్రాసెను. దీనికి మెగస్తనీసు రచనయే మూలమని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. మూలగ్రంథము నశించినను, మఱియొకరు ఎత్తి వ్రాసికొనుటచే మన ముచ్చట నిలిచినది. వ్రాసి దాచిన మాటకు ఎంత ఆయువున్నదో దీనివలన తెలియును. యవనుల చరిత్రయంతయు ఈ సత్యమునే చాటుచున్నది.

గ్రీసు దేశము చాలవఱకు కొండల సీమ. కొండల నడుమ చిన్న లోయలు, ఆ లోయలలో ఊళ్లు. యవలు, ద్రాక్ష, ఒలీవ వారి పంటలు; మేకలు, గొఱ్ఱెలు వారి సొత్తు. ఒక పట్టణము, దానిచుట్టునున్న పల్లెలు, పొలములు కలిసి ఒక చిన్న రాజ్యముగా నుండెను. దానిని వారు ‘పోలిస్’ అనిరి. ఏథెన్సు, స్పార్టా, కొరింతు, థీబ్సు అట్టివే. ఇవి తఱచు తమలో తాము పోరాడుకొనెడివి. అయినను ఒకే భాష, ఒకే దేవతలు, నాలుగేండ్లకొకసారి ఒలింపియాలో జరుగు ఆటలు వారిని ఒక జాతిగా కట్టియుంచినవి. ఆ ఆటలు క్రీ.పూ. 776లో మొదలైనవని సంప్రదాయము.

ఏథెన్సులో క్రీ.పూ. 508 ప్రాంతమున క్లీస్థెనీసు తెచ్చిన మార్పులతో ప్రజాపాలనము వేరూనెను. పౌరులు బహిరంగసభలో కూడి, వాదించి, చేతులెత్తి తీర్మానములు చేసెడివారు. పెక్కు పదవులకు చీట్లువేసి మనుష్యులను ఎన్నుకొనిరి. కాని ఆ సభలో స్త్రీలకు చోటులేదు, పరదేశులకు లేదు, పొలములలోను, వెండిగనులలోను చెమటోడ్చిన బానిసలకు అసలే లేదు. ప్రశ్నించుటయే జ్ఞానమునకు దారియని బోధించిన సోక్రటీసునకు ఆ ప్రజాపాలనమే క్రీ.పూ. 399లో మరణదండన విధించెను. యవనుల గొప్పతనమును మెచ్చుకొనువారు ఈ లోపమును మఱువరాదు.

వారి మతమునకు ఒక్క పవిత్రగ్రంథమనునది లేదు. ఆకాశమునకు జ్యూస్, సముద్రమునకు పొసైడన్, పంటకు డిమీటర్, వేటకు ఆర్టెమిస్, ద్రాక్షరసమునకు డయోనిసస్ అధిదేవతలు. ప్రధానదేవతలు 12 మంది. వారి నివాసము ఒలింపస్ పర్వతము. ఊటలయందు, చెట్లయందు, కొండలయందు దేవతలు వసింతురని వారి నమ్మకము. గుడి ముంగిట బలిపీఠముకడ బలియిచ్చి, ఆ మాంసమును కూడినవారెల్ల పంచుకొని తినెడివారు. తొలిపంటను దేవతకు సమర్పించెడివారు. కొత్త పండుగ చేయక కొత్తపంటను ముట్టని మనకు ఇది వింతగా తోచదు. ధింసా ఆడువారివలె వారును వలయముగా నిలిచి, పాడుచు ఆడుచు డయోనిససును కొలిచిరి. అట్టి బృందగానముల నుండియే నాటకము పుట్టెనని అరిస్టాటిల్ చెప్పెను. సొఫొక్లీసు మొదలగువారి నాటకములు ఆ దేవుని ఉత్సవములయందే ప్రదర్శింపబడినవి.

ఇక ముఖ్యవిషయము. యవనులు ఒకప్పుడు లిపిని సంపాదించి, మరల పోగొట్టుకొనిరి. క్రీ.పూ. 1200 ప్రాంతమున వారి రాజభవనములు కూలగా, ఆ లిపియు మఱుగుపడెను. మైకేల్ వెంట్రిస్ 1952లో దానిని చదువగలిగెను. ఆ మట్టిపలకలలో ఉన్నవి గొఱ్ఱెల లెక్కలు, ధాన్యపు లెక్కలు, నూనె లెక్కలు మొదలగునవే. తరువాత కొన్ని శతాబ్దములు వారికి వ్రాత లేదు. అయినను వారి కథలు చావలేదు. గాయకులు నోటితో పాడి నిలిపిరి. క్రీ.పూ. 8వ శతాబ్దము నాటికి ఫినీషియనుల అక్షరములను తెచ్చుకొని, వానికి అచ్చులు చేర్చుకొనిరి. పిమ్మట హోమరు పేర ప్రసిద్ధమైన ఇలియడ్, ఒడిస్సీ కావ్యములు వ్రాతకెక్కినవి. ఇట్టి మహాకావ్యములు నోటిపాట నుండి ఎట్లు పుట్టునో తెలిసికొనుటకు మిల్‌మన్ ప్యారీ యను పండితుడు 1933–35లో యుగోస్లావియా పల్లెలకు పోయి, అక్షరమెఱుగని గాయకుల పాటలను రికార్డు చేసెను. కావున అక్షరములేని చోట సంస్కృతి లేదనుట అజ్ఞానము.

అయితే వ్రాసినంత మాత్రమున చాలదు, కాపాడవలెను. సాఫో యను కవయిత్రి పాటలను అలెగ్జాండ్రియా గ్రంథాలయ పండితులు పలు సంపుటములుగా కూర్చిరి. తరువాతివారు ప్రతులు వ్రాసికొనకపోవుటచే నేడు పూర్తిగా మిగిలినది ఒక్కటే పాట. తక్కినవన్నియు తునుకలు.

మన కొండలలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా, తెలుగు వినబడుచున్నవి. మన ప్రాంతమునకు ఇట్టి సేవ కొత్త కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తిగారు సవరలనడిగి వారి భాష నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. కొండ లేక కూబి భాషపై భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథము 1969లో వెలువడెను. భాషకు వ్యాకరణము పండితులు వ్రాసిరి. మన అవ్వల పాటలు, తాతల కథలు వ్రాయవలసినవారము మనమే.

ఈ గ్రంథాలయమున పుస్తకములు తెచ్చి ఇచ్చుటతోపాటు, మనవి వ్రాసి ఉంచుటకు ఒక బీరువా ఉండవలెనని నా విన్నపము. చదువుకొన్న పిల్లలు పెద్దలచెంత కూర్చుండి, పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము సహితముగా, వారి భాషలోనే, తెలుగు లిపిలో వ్రాయవలెను. వెలికి చెప్పరాదని పెద్దలు తలచు పూజామంత్రములను వారి అనుమతి లేక వ్రాయరాదు. యవనులు తమ సభలో ఆడువారికి, పాటుపడు బానిసలకు చోటీయలేదు. మన బీరువాలో ఆడువారి, పాటుపడువారి మాటకే మొదటి చోటు దొరకవలెను. ప్రతి పుస్తకమునకు రెండు ప్రతులుండవలెను. ఒకటి చెడినను ఒకటి నిలుచును.

పాడగల పెద్దలు నేడు మన నడుమ ఉన్నారు. వారుండగనే ఈ పని మొదలుపెట్టుదము.