పూత బోరుకు కొత్త రింగులు

ఇంజిన్ ఆయిల్ తింటూ సైలెన్సర్ నుంచి నీలిపొగ కక్కితే విజయవాడ ఆటోనగర్‌లో మొదట వినిపించే మాట బోరింగ్. 1960ల్లో నెలకొన్న జవహర్ ఆటోనగర్ పనితనం ఎక్కువగా లారీల మీద పెరిగింది. వాటి లైనర్లు పోత ఇనుమువి. అరిగితే బోరు పెద్దది చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు, లేదా లైనరే మారుస్తారు. హోనింగ్ రాళ్లతో అడ్డగీతలు పెట్టి రింగులు ఎక్కిస్తారు. ఇనుము ఈ పద్ధతికి లొంగుతుంది. పూత వేసిన అల్యూమినియం బోరు లొంగదు.

ఈ పూతల్లో పేరున్నది నికాసిల్. నికెల్‌లో సన్నటి సిలికాన్ కార్బైడ్ రేణువులు పొదిగి ఉంటాయి. జర్మనీలోని మాలే కంపెనీ 1967లో వాంకెల్ రోటరీ ఇంజిన్ల కోసం దీన్ని రూపొందించింది. తర్వాత అది పోర్షా కార్ల సిలిండర్లకెక్కింది. వజ్రపు హోనింగ్ అయ్యాక గోడ మీద మిగిలే పూత సుమారు 0.07 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుకంత మందం. ఇండియాలో 2012లో కేటీఎం డ్యూక్ 200 వచ్చాక ఈ బోరు మామూలు మెకానిక్ షెడ్డు దాకా వచ్చింది. 2008 నాటి యమహా ఆర్15ది ఇంకో దారి. అందులో పూతా లేదు, లైనరూ లేదు. ఇరవై శాతం దాకా సిలికాన్ కలిపి పోసిన అల్యూమినియమే బోరు గోడ. దాని పేరు డయాసిల్.

డెల్టాలో రింగులకు పెద్ద శత్రువు దుమ్ము. వేసవిలో కాలువ గట్ల మీద లేచే మట్టి చిరిగిన ఎయిర్ ఫిల్టర్ గుండా లోపలికి పోతే రింగులు, పిస్టన్ ముందు అరుగుతాయి. పూత గోడ చాలాసార్లు నిలబడే ఉంటుంది. రింగులు పోయాయి కనుక బోరూ పోయిందనడం తొందరపాటు. పాత ఫిల్టర్ అలాగే ఉంచి కొత్త రింగులు వేయడం అంతకన్నా పెద్ద తప్పు.

విప్పిన బ్లాకును కడిగి, వెలుతురుకు ఎత్తి చూడాలి. ఫ్యాక్టరీలో పెట్టిన అడ్డగీతలు ఇంకా కనిపిస్తుంటే మంచి గుర్తు. నిలువు చార ఉంటే దాని మీద గోరు అడ్డంగా నడపాలి. గోరుకు మెట్టు తగిలితే అది పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియం కావచ్చు, తీసేయవచ్చు. గుంటలో దిగితే పూత తెగినట్టే. ఆ తర్వాత బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవాలి. పూత లేచిన బోరును రుద్ది బాగుచేయడం కుదరదు. పాత పూత తీయించి మళ్లీ వేయించాలి, లేదా కొత్త బ్లాక్ కొనాలి. ఇనుప లైనర్ దించడం జరుగుతూనే ఉంది గాని, వేడిని బయటికి పంపడంలో అది అసలు గోడకు సాటిరాదు.

అంటుకున్న అల్యూమినియం తీయడానికి బాత్రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, పనికొస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, పుల్లకు చుట్టిన దూదితో ఆ చార మీద మాత్రమే అద్దాలి. వెంటనే సన్నగా నురుగు లేస్తుంది. అల్యూమినియం కరిగిపోగానే నురుగు ఆగుతుంది, నీళ్లతో బాగా కడిగేయాలి. ఒకేచోట నురుగు ఎంతకీ ఆగకపోతే అక్కడ పూత లేదు, యాసిడ్ అసలు బ్లాకునే తింటోంది. ఏ గేజూ ఇంత స్పష్టంగా చెప్పదు. డయాసిల్ బోరుకు మాత్రం యాసిడ్ చుక్క కూడా తగలకూడదు; అక్కడ గోడంతా అల్యూమినియమే.

ఇక అసలు పని గోడ మీది గ్లేజ్ తీయడం. కాలిన ఆయిల్ అద్దంలా పేరుకుని అడ్డగీతల్ని కప్పేస్తుంది. దానికి హోనింగ్ రాయి వద్దు. సిలికాన్ కార్బైడ్‌ను సరిగా కోయగలిగేది వజ్రమే. మామూలు రాయి ఆ రేణువుల మీద జారుతుంది, లేదా వాటిని నికెల్‌లోంచి పీకేస్తుంది. నికాసిల్‌కు మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్, గోరువెచ్చని సబ్బు నీళ్లు చాలు. చేతిని తిప్పుతూ పైకీ కిందకీ ఆడిస్తే గీతలు ఏటవాలుగా పడతాయి. జిగురు మెరుపు పోయి, గోడ ఒకే తీరున మసకబారగానే ఆపేయాలి. డయాసిల్‌కు రుద్దుడే వద్దు, కడిగి తుడిస్తే సరి.

కడగడం పెట్రోలుతో ముగిస్తే చాలదు. పెట్రోలు జిడ్డును తీస్తుంది, గీతల్లో ఇరుక్కున్న పొడిని వదిలేస్తుంది. వేడినీళ్లు, సబ్బు, మెత్తటి బ్రష్‌తో రెండు మూడు సార్లు తోమాలి. ఆరాక ఇంజిన్ ఆయిల్‌లో తడిపిన తెల్ల పంచె ముక్కతో తుడిచి చూడాలి. గుడ్డకు బూడిదరంగు అంటినంత కాలం కడుగుడు అయిపోనట్టే.

రింగులు ఆ పిస్టన్‌కు కంపెనీ చెప్పినవే వేయాలి. ఒక్కో రింగును బోరులో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. 25 మిల్లీమీటర్ల బోరుకు 0.1 మిల్లీమీటరు అన్నది మోటు లెక్క. డ్యూక్ 200 బోరు 72 మిల్లీమీటర్లు కనుక 0.3 దగ్గర వస్తుంది. తుది మాట మాన్యువల్‌దే. కొత్త రింగుకు కూడా సందు మరీ ఎక్కువుంటే రింగు ఆ బోరుది కాదు, లేదా బోరు అరిగింది. రింగుల మీద అచ్చు గుర్తు పైకి ఉండాలి, సందులు ఒకే వరుసలోకి రాకూడదు.

బండి స్టాండు మీద గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో వదిలితే రింగులు కూర్చోవు. వాటిని గోడకు అదిమేది వెనక చేరే గ్యాస్ ఒత్తిడి, అది లోడు మీదే వస్తుంది. ఇంజిన్ వేడెక్కగానే రోడ్డెక్కించి, థ్రాటిల్ మధ్యస్థంగా ఇస్తూ వదులుతూ నడపాలి. బందరు రోడ్డు లాంటి చదునైన దారిలో ఒకే వేగం మీద సాగిపోవడం సులువు, అదే చేయకూడదు. మొదటి ఆయిల్ త్వరగా మార్చాలి. అప్పటికి నీలిపొగ ఆగి ఉండాలి. ఆగకపోతే బ్లాక్ మళ్లీ విప్పకముందే వాల్వ్ సీళ్లు చూడాలి.