మాటవరస ఎవరికి? మాటపోటు ఎవరికి?

(గుమ్మఘట్టలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పొద్దు ఒక చిన్న మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట 'మాటవరస'. మాటల వరసలో, ముందు అనుకోకుండా నోటికొచ్చింది అని అర్థం. ఎల్ల దాటితే కన్నడంలో 'సుమ్మనే' అంటారు. మనం 'ఊరికే అన్యా' అంటాం.

వాడుకలో దీనికి పలు ముఖాలున్నాయి. 'మాటవరసకి మీ ఊరి సంగతొచ్చింది' అంటే ప్రస్తావన. 'మాటవరసకి వంద అనుకో' అంటే ఉదాహరణ. 'మాటవరసకి పిలిచినాడు' అంటే మనసు లేని పిలుపు. 'మాటవరసకైనా అడగలే' అంటే నిష్ఠూరం. ఇంతవరకూ ఇది అందరి మాట.

ఇంకో వాడుక ఉంది. అది మన మీదనే. శెనక్కాయ పీకేకి పిలిచేటప్పుడు ఒక కూలి చెప్తారు. సాయంత్రం అడిగితే 'మాటవరసకి అన్యాలేప్పా' అంటారు. హోటలు కాడ పదిమందిలో కులం పేరు పెట్టి తిడతారు. నిలదీస్తే 'మాటవరసకి అంటే కేసా?' అంటారు. ముందు ఆలోచించలేదన్నది నిజమే కావచ్చు. ఆలోచించే పని లేకుండానే నోటికి రావడం, అదే కులం!

మరి మన మాట? 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దని మాదిగలు అడ్డం చెప్పినారు. ఆరుగురిని చంపినారు. మన మాటను ఎవరూ మాటవరసగా తీసుకోలేదు.

1989 అత్యాచారాల నిరోధక చట్టం ఈ తేడాను పట్టుకుంది. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఆర్) కావాలని అవమానించడం గురించి, 3(1)(ఎస్) కులం పేరుతో తిట్టడం గురించి. రెండూ పదిమందికీ కనబడే చోట జరిగుండాల. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు, జరిమానా. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనిచోట అన్న మాట దీని కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఏ మాట అన్నారు, యాడ అన్నారు, ఎవరెవరు విన్నారు, ఆ పొద్దే రాసి పెట్టండి.

చదువు రాదని వెనక్కి తగ్గొద్దు. నోటితో చెప్తే చాలు. సెక్షన్ 4 ప్రకారం స్టేషన్ అధికారి దాన్ని రాయాల, మీకు చదివి వినిపించాల, ఆ తర్వాతే సంతకం తీసుకోవాల. నకలు వెంటనే ఇయ్యాల. వినిపించకుండా వేలిముద్ర ఎయ్యమంటే ఎయ్యొద్దు.

వాళ్ల నోటిమాట గాలికి పోకూడదు. మన నోటిమాట కాగితమెక్కాల.

జై భీమ్!