ఎర్రది తన్నేసి తెల్లది తిన్నాం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి చెప్పేవారు నా తర్వాత ఉన్నారు. నేను పుట్టకొక్కుల గురించి చెబుతాను. మొన్న మా మనుమరాలు పుస్తకంలో బొమ్మ చూపించి, "తాతా, ఎర్రగా ఉండి తెల్ల చుక్కలుంటేనే విషం కదా, తెల్లవి తినొచ్చు కదా" అన్నది. ఒకప్పుడు నేనూ అట్లాగే అనుకున్నాను.

1979 వానాకాలం. ఉట్నూరులో ఎల్‌డీసీగా ఉన్నాను. ఒక ఆదివారం నేనూ, మా సెక్షన్ మిత్రుడూ సంచి పట్టుకొని టేకు అడవికి వెళ్లాం. కుళ్లిన దుంగ మీద ఎర్రటి కుక్కగొడుగు కనిపించింది. "ఇది విషం" అని ఎంతో తెలిసినవాళ్లలాగా కాలితో తన్నేశాం. తిరిగి వస్తుంటే క్వార్టర్ల ముందు గడ్డిలో అరచేతంత తెల్లనివి, పైన గోధుమరంగు పొలుసులతో, బోలెడు కనిపించాయి. సంచి నిండింది. మా ఇంటావిడ కూరలో వెండి నాణెం కూడా వేసి చూసింది. నల్లబడలేదు. తిన్నాం.

రెండు గంటలు కాకముందే ముగ్గురికీ వాంతులు, విరేచనాలు. ఆమెకు అప్పుడు ఐదో నెల. పక్కింటి గోండు అవ్వ పరుగున వచ్చి, సంచిలో మిగిలినదాన్ని తిరగేసి, "సారూ, కింద పసరు రంగున్నది చూడలేదా? పుట్ట లేనికాడ పుట్టకొక్కు ఎట్ల మొలుస్తది?" అన్నది. దవాఖానలో రాత్రంతా సెలైన్ ఎక్కించారు. ఆ రాత్రి నేను మొక్కని దేవుడు లేడు. అప్పుడు కడుపులో ఉన్నవాడే ఈ మనుమరాలి తండ్రి.

మేం తిన్నదాని శాస్త్రీయ నామం క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అని చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను. లేతప్పుడు గొడుగు కింది రేకులు తెల్లగానే ఉండి మోసం చేస్తాయి, ముదిరితే ఆకుపచ్చకు తిరుగుతాయి. కాడకు ఉంగరం ఉంటుంది. గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి గిన్నె మూసి రాత్రంతా ఉంచితే పడే పొడి కూడా ఆకుపచ్చే. అసలు పుట్టకొక్కుకు నడినెత్తిన మొన ఉంటుంది, కాడ వేరులాగా చెదల పుట్టలోపలికి దిగుతుంది. చెదలు దాన్ని లోపల సాగు చేసుకుంటాయి, మనకన్నా పాత రైతులు.

ఇక బొమ్మలోని ఎర్రది అమనిటా మస్కారియా. అదీ విషమే. చలిదేశాల్లో దాని ముక్కలు పాలలో వేసి ఈగలను చంపేవారట. 1968లో వాసన్ అనే ఆయన వేదాల్లోని సోమం ఇదేనని పుస్తకం రాశాడు, చాలామంది పండితులు ఒప్పుకోలేదు. అది పైన్, బర్చ్ వంటి చెట్ల వేళ్లతో జతకట్టి బతుకుతుంది. టేకు వేళ్లతో దానికి పొత్తు కుదరదు. మన టేకడవిలో దాని కోసం వెతకడం దండగ. పైగా గట్టి వానకు ఆ తెల్ల చుక్కలు రాలిపోతాయి కూడా.

దాని చుట్టాల్లోనే ప్రాణాంతకమైనవి కొన్ని పాలిపోయిన రంగులోనో, తెల్లగానో ఉంటాయి. వాటి విషం ఉడికినా పోదు. తిన్న ఆరేడు గంటల తర్వాత గానీ వాంతులు మొదలుకావు, మధ్యలో తగ్గినట్టే ఉండి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కాబట్టి ఆలస్యంగా మొదలైతే మరింత తొందరపడాలి. మిగిలిన ముక్క దవాఖానకు పట్టుకుపోవాలి. మా మిగిలిన ముక్కను నేను కంగారులో పెంట మీద పారేసి వెళ్లాను, డాక్టరుగారు అడిగితే నీళ్లు నమిలాను.

ఇక డి.ఏ. సంగతి మిత్రులు చెబుతారు. సెలవు.