గేటు దాటాక ఎవరి బాధ్యత?



ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరున జరుగుతోందో ఆయన ఐటిఐలో ఫిట్టర్ పాఠం చెప్పేవారు. శిష్యుడికి ఉద్యోగం దొరికాక కూడా వదిలేవారు కాదు. ఏ షిఫ్టు వేశారు, పీఎఫ్ కడుతున్నారా, బస్సు ఎక్కడి దాకా వస్తుంది అని ఆరా తీసేవారు. నిజానికి అది ఒక మనిషి చేయగల పని కాదు, పది సంస్థలు కలిసి చేయాల్సిన పని. నేటి నా మాట దాని గురించే.

మన కోలారు జిల్లా నరసాపురంలో సంస్థలకు కొదవ లేదు. హోస్కోటకూ కోలారుకూ మధ్య, చెన్నై రోడ్డు పక్కన పారిశ్రామిక వాడ వెలిసింది. 2013లో హోండా స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది. 2020లో విస్ట్రాన్ ఐఫోన్ల ఫ్యాక్టరీ మొదలైంది, 2023లో అది టాటా ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్ళింది. ఐటిఐలు, డిప్లొమా కాలేజీలు, శిక్షణ కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, ఉద్యోగ మేళాలు, మనుషులను పంపే ఏజెన్సీలు చుట్టూ ఉన్నాయి. పైన కార్మిక శాఖ, ఈఎస్ఐ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, లైను మీద ఇంగ్లీషు ముక్కలు మాట్లాడే మన పిల్లలు వీళ్ళందరి చేతుల మీదుగా వెళ్తారు. చిక్కల్లా ఎవరి చెయ్యి ఎక్కడ వదిలిందో తెలియకపోవడమే.

2020 డిసెంబరు 12, శనివారం. తెల్లవారుతుండగా, రాత్రి షిఫ్టు ముగిసే వేళ, విస్ట్రాన్‌లో అద్దాలు పగిలాయి, బండ్లు తగలబడ్డాయి. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. దాని వెనక జీతం గోల ఉందని తర్వాత తెలిసింది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకు నెలకు 21,000 అని చెప్పి 16,000 ఇచ్చారని, ఆ తర్వాత 12,000కు దించారని కార్మికులు చెప్పినట్టు పత్రికలు రాశాయి. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ సంఖ్య కొద్ది కాలంలోనే 5,000 నుంచి 10,500కు పెరిగిందని, అక్టోబరు నుంచి 12 గంటల షిఫ్టు పెట్టారని, హాజరు నమోదులో లోపాలున్నాయని ప్రభుత్వ విచారణలో తేలింది. ఎక్కువ మంది కాంట్రాక్టు కార్మికులే, వాళ్ళను పంపింది ఆరు ఏజెన్సీలు. కొందరికి జీతాలు సరిగ్గా, సకాలంలో అందలేదని విస్ట్రాన్ ఒప్పుకుంది, భారత వ్యాపారం చూసే ఉపాధ్యక్షుణ్ణి తప్పించింది. ఆపిల్ కొత్త ఆర్డర్లు ఆపింది. ఇటు 150 మందికి పైగా అరెస్టయ్యారు. పగలగొట్టడం తప్పే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇరవై రెండేళ్ళ కుర్రాడి పేరు పోలీసు కేసులోకి ఎక్కితే, రేపు మరో కంపెనీ గేటు దగ్గర వాడికేం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాంట్రాక్టు కుర్రాడి పేస్లిప్ ఒకటి ముందు పెట్టుకుని చూడండి. పైన ఏజెన్సీ పేరు. వాడు ఏ కంపెనీ వస్తువు చేస్తున్నాడో ఆ పేరు చాలాసార్లు ఉండనే ఉండదు. కింద హాజరు రోజులు 22 అని ఉంటుంది, వాడి లెక్క 26. వాడు సూపర్‌వైజర్‌ని అడిగితే ఏజెన్సీని అడగమంటాడు. ఏజెన్సీవాళ్ళు కంపెనీ పంపిన హాజరు ఇంతే అంటారు. శిక్షణ కేంద్రానికి ఫోన్ చేస్తే, మీకు ప్లేస్‌మెంట్ అయిపోయింది కదా అంటారు. అంతా నిజమే చెబుతారు, నాలుగు రోజుల కూలి మాత్రం ఎవరి దగ్గరా దొరకదు.

చట్టం లేక కాదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ 2020లో అమల్లోనే ఉంది. కాంట్రాక్టరు జీతం పంచేటప్పుడు అసలు యజమాని తరఫు మనిషి దగ్గరుండాలని అది చెప్పింది. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలనీ చెప్పింది. ఈ ఒక్క సంగతి శిక్షణ కేంద్రాల్లో ఒక పూట చెప్పి ఉంటే! మనం ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో నేర్పిస్తున్నాం, పేస్లిప్ ఎలా చదవాలో నేర్పించడం లేదు.

సంస్థలు చాలా ఉంటే వచ్చే చిక్కు అది. అన్నిటికీ ఒకే సంస్థ ఉంటే ఏమవుతుందో చెప్పే కథ కూడా మన జిల్లాదే. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ, ఆ తర్వాత ప్రభుత్వం గనులు నడిపాయి. ఇల్లు, ఆసుపత్రి, కరెంటు, క్లబ్బు అన్నీ గని సంస్థవే. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడితే పిల్లల సంగతి చూడడానికి పక్కన మరో సంస్థ లేదు. అన్నీ ఒకే గొడుగు కింద ఉండటం ఎంత సుఖమో అంత ప్రమాదం. నేటికీ కేజీఎఫ్ దగ్గరి మారికుప్పంలో చీకటితో రైలెక్కి బెంగళూరు వెళ్ళే యువకులకు ఆ ప్రమాదం కొత్తగా వివరించనక్కర్లేదు.

నిలిచిన పొత్తు ఒకటి చెబుతాను. 1982లో ఉజిరెలో ధర్మస్థల మంజునాథేశ్వర ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెటి అనే శిక్షణ సంస్థను పెట్టాయి. స్వయం ఉపాధికి ఉచితంగా, వసతితో కొద్దిరోజుల శిక్షణ ఇస్తారు. పొత్తులో బ్యాంకులే ఉన్నాయి కాబట్టి అప్పు మాట గాలిలో ఉండదు. ఆ నమూనాను కేంద్రం జిల్లాకొకటిగా విస్తరించినప్పుడు శిక్షణ తర్వాత రెండేళ్ళ వెన్నుదన్ను అనే షరతూ వెంట వచ్చింది. 2020లో సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసిపోయినా సంస్థ ఆగలేదు. అలాగే ఉమ్మడి ఆంధ్రలో ఈజీఎంఎం అనే ఉపాధి మిషన్ పల్లెల్లో మహిళా సంఘాల ద్వారా యువతను ఎంచుకుంది. ఊరికి తెలిసిన సంఘం మధ్యలో ఉంటే, కుర్రాడు తిరిగొచ్చినప్పుడు అడిగే మనిషి ఉంటుంది. తర్వాత 2014లో వచ్చిన కేంద్ర శిక్షణ పథకం డీడీయూ-జీకేవై మూడు నెలల ఉద్యోగానికి ఆధారాలు చూపితేనే ప్లేస్‌మెంట్‌గా లెక్కించింది. మూడు నెలలు చాలవని నా అభిప్రాయం, కానీ చేరిన రోజు ఫొటోతో పోలిస్తే నయమే.

మన దగ్గర సంస్థల మధ్య ఒప్పందాలంటే శాలువాలు, ఫొటోలు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు? నేను కోరేది చిన్నది. ఒప్పందం కాగితంలో మూడు సంగతులు రాయండి: కుర్రాడి ఫిర్యాదు తొలుత ఎవరికి చేరాలి, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, ఆ లోగా నష్టం ఎవరు భరించాలి. కాలేజీ తన విద్యార్థి వివరాలు ఏజెన్సీకి ఇచ్చేముందు వాడి సమ్మతి తీసుకోవాలి. ఎన్ని ప్లేస్‌మెంట్లు అనే లెక్క పక్కన, ఏడాది తర్వాత ఎంతమంది మిగిలారు, వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారు అన్నది కూడా అందరూ ఒకే పుస్తకంలో రాయాలి. ఆడపిల్లలు మానేసిన కారణాల్లో రాత్రి బస్సు సంగతి తప్పకుండా ఉంటుంది, అది రాస్తేనే రవాణా చూసేవాళ్ళను కూడా పిలవాల్సి వస్తుంది.

నెలకోసారి కంపెనీ, ఏజెన్సీ, ఐటిఐ, కార్మిక శాఖ ఒక చోట కూర్చోవాలి. కంపెనీ హాల్లో వద్దు, అక్కడ కుర్రాడు నోరు విప్పడు. ఊరి పంచాయతీ హాలు చాలు. జీతాలు పడ్డ వారంలోనే కూర్చుంటే, తప్పిన హాజరు రోజులు అప్పటికింకా వాడికి గుర్తుంటాయి.