ఖాళీ గది, విరిగిన పాలు

(నెల్లూరు తీర మండలాల పాల ఉత్పత్తిదారుల సంఘాల కార్యదర్శులకు, అతిథి గృహ సిబ్బందికి జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు అప్పగించిన విషయం అతిథి గృహంలో గదుల కేటాయింపు, రద్దు. పాల సంఘాల వారికి ఈ లాడ్జీ వ్యవహారం దేనికని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. శిక్షణ కేంద్రాల ఆవరణలో ఉండే అతిథి గృహాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాటిలోని మంచం, దుప్పటి, ఫ్యాను సభ్యులు పోసిన పాల మీద మిగిలిన సొమ్ముతో వచ్చినవే. అటువంటి ఇంట్లో గది ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది ముమ్మాటికీ సంఘ వ్యవహారమే.

ముందుగా ఒక్క మాట. పొద్దున పోసిన పాలను నాలుగు డిగ్రీలకు చల్లబరచడంలో ఆలస్యమైతే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. కాని పాలకు ఎన్నో దారులున్నాయి. చల్లబరచి రేపటికి దాచవచ్చు. ఎక్కువైతే వెన్న తీయవచ్చు, పొడి కొట్టవచ్చు. ఈ రాత్రి ఖాళీగా పోయిన గదిని రేపటికి దాచే యంత్రం మాత్రం ఎక్కడా లేదు. తెల్లవారితే అది విరిగిన పాలే.

లెక్క చూడండి. ఎనిమిది గదుల అతిథి గృహానికి 30 రోజుల నెలలో 240 రాత్రులు. పేరు రాయించుకుని రానివారి కోసం తాళం వేసి ఉంచిన రాత్రులు 60 అనుకుందాం. అంటే రెండు గదులను నెల పొడుగునా మూసివేసినట్టే. కాగితం మీద మాత్రం అన్ని గదులూ నిండినట్టే కనబడుతుంది. ఇక్కడే చిక్కు.

మా అనుభవం ఒకటి మనవి చేస్తాము. ఆ సంస్థ పేరు చెప్పము, ఊరు చెప్పము. అక్కడ మూడు రోజుల శిక్షణ తరగతి. సముద్రం పక్క గ్రామం నుంచి ఒక మహిళా సంఘం కార్యదర్శిని సాయంత్రం పాలు పోయించుకుని, ఆఖరి బస్సు పట్టుకుని రాత్రి తొమ్మిదిన్నరకు చేరింది. చేతిలో గది కేటాయించిన చీటీ ఉంది. గుమాస్తా పుస్తకం తిప్పి చూసి, గదులన్నీ నిండిపోయాయి అన్నాడు. ఆమె ఎవరితోనూ తగవు పెట్టుకోలేదు. వరండాలో బల్ల మీద, సంచి తల కింద పెట్టుకుని తెల్లవార్లు కూర్చుంది. ఆమె తల మీదుగా, గోడకున్న బోర్డుకు రెండు తాళంచెవులు వేలాడుతూనే ఉన్నాయి.

ఆ రెండు గదులూ పాలకవర్గంలోని పెద్దల పేర రాసి ఉన్నాయి. వారి ప్రయాణం నాలుగు రోజుల ముందే ఆగిపోయింది. రావడం లేదని ఫోను కూడా చేశారు. ఫోను ఎత్తింది వాచ్‌మన్. అతను గుమాస్తాకు చెప్పాననే అన్నాడు. గుమాస్తా తనకు వినబడలేదన్నాడు. పుస్తకంలో మాత్రం ఎవరూ రాయలేదు.

మర్నాడు మా పాఠం అయ్యాక, సందేహాలుంటే అడగమన్నాము. ఆమె లేచి అడిగింది: "సార్, మా కాడ అర లీటరు పాలు పోసినా పుస్తకంలో రాస్తాం గదా. ఆ రెండు గదులు ఖాళీ అయిన సంగతి ఇక్కడ ఏ పుస్తకంలో రాసుండారు?"

మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అంతకు రెండు నెలల ముందు ఆ రిజిస్టరును తనిఖీ చేసింది మేమే. వచ్చిన డబ్బుకు, రసీదులకు లెక్క సరిపోయింది కనుక, సక్రమంగా ఉన్నదని సంతకం పెట్టి వచ్చాము. రద్దులు రాయడానికి ఆ పుస్తకంలో గడే లేదన్నది మా కంటికి ఆనలేదు. తరువాతి తరగతికి ఆ సంఘం నుంచి ఒక మగమనిషి వచ్చాడు. ఆడవాళ్ళను పంపితే పడుకునే చోటు ఉండదని ఊళ్ళో అనుకున్నారట. విరిగిన పాలకు ధర కడతాము. ఈ నష్టానికి ఏ పద్దు కింద ధర కట్టాలో మాకు ఇప్పటికీ తెలియదు.

మన తీరంలో రద్దులు ఎక్కువ. అది మనుషుల చపలత్వం అనుకోవద్దు. ఇక్కడ మూడు కారణాలున్నాయి.

మొదటిది సముద్రం. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వాయుగుండాల కాలం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును మా వయసు వారు మరచిపోలేదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, నెల్లూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. ఆ రోజుల్లో గది రాయించుకున్న మనిషి రాలేకపోతే, అది అతని తప్పా?

రెండవది శ్రీహరికోట. 2019లో షార్‌లో రాకెట్టు ప్రయోగాలు ప్రజలు చూడడానికి గ్యాలరీ తెరిచారు. అదే సంవత్సరం జూలై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు చంద్రయాన్-2 ఎగరవలసి ఉండగా, 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపివేశారు. 22వ తేదీ మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు ఎగిరింది. సూళ్లూరుపేట 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నా, ప్రయోగం రోజున గదుల గిరాకీకి జిల్లా సరిహద్దు తెలియదు. దీని నుంచి మనం నేర్చుకోవలసింది, రద్దు వేరు, వాయిదా వేరు అని. మానుకున్నవాడిని, మళ్ళీ వస్తానన్నవాడిని ఒకే గడిలో రాయకూడదు.

మూడవది పండుగలు. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ మొహర్రం నెలలో వస్తుంది. అది చాంద్రమానం. ఇంగ్లీషు తేదీల ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నిరుటి పుస్తకం చూసి ఈ ఏడు గదులు ఆపిపెట్టే గుమాస్తా, పండుగ అయిపోయిన తరువాత తాళాలు వేసుకుని కూర్చుంటాడు. కొత్త సంవత్సరం రిజిస్టరు తెరిచేటప్పుడు పంచాంగం, క్యాలెండరు పక్కన పెట్టుకోవలసిందే.

ఇక ఆచరణకు వద్దాము. మేము సూచించే పద్ధతి పెద్ద హోటళ్ళది కాదు. రానివారు కొందరు ఉంటారు గదా అని, ఉన్న గదుల కంటే ఎక్కువ మందికి మాట ఇచ్చే అలవాటు వాటిలో కొన్నింటికి ఉంటుంది. ఎనిమిది గదుల వాళ్ళకు ఆ జూదం పనికిరాదు. అందరూ వస్తే వరండా బల్ల ఒక్కటే మిగులుతుంది.

ఒకటి. రిజిస్టరు ఒక్కటే ఉండాలి, రాసే చెయ్యి ఒక్కటే ఉండాలి. రోజుకొక పేజీ, గదికొక వరుస. ఫోనులో చెప్పినా, వాట్సాప్‌లో పంపినా, పుస్తకంలోకి ఎక్కిన తరువాతే అది కబురు. కంప్యూటరు ఉన్నచోట కూడా ఇదే సూత్రం. గుమాస్తా లేనప్పుడు ఫోను ఎత్తేవారి దగ్గర ఒక చీటీల పుస్తకం ఉంచండి. పొద్దున గుమాస్తా ఆ చీటీలు చూసి పుస్తకంలో ఎక్కించి సంతకం పెట్టాలి.

రెండు. రద్దుకు ప్రత్యేకంగా గడి ఉండాలి. ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఏ గంటకు చెప్పారు, ఎవరు విన్నారు. పాత పేరును చెరపవద్దు, దాని మీద కాగితం అంటించవద్దు. అక్షరాలు కనబడేటట్టు ఒక్క ఎర్రగీత గీయండి. పాల పుస్తకంలో దిద్దుబాటు ఎలా చేస్తారో అలాగే.

మూడు. అడ్వాన్సు తీసుకుని రసీదు ఇవ్వండి. ఆ సొమ్మును ఆదాయం పద్దులో వేయకండి. మనిషి వచ్చి గదిలో దిగేదాకా అది సంఘం బాకీపడ్డ సొమ్ము. చాలాచోట్ల ఆడిట్ అభ్యంతరం ఇక్కడే వస్తుంది. ఆదాయమని రాసుకుని ఖర్చు పెట్టేస్తారు, తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు పెట్టె ఖాళీ.

నాలుగు. వాపసుకు మెట్లు కట్టండి. మూడు రోజుల ముందు చెబితే పూర్తిగా, ముందురోజు చెబితే సగం, చెప్పకుండా మానేస్తే ఏమీ లేదు. రైలు టిక్కెట్టు రద్దులోనూ ఆలస్యమయ్యేకొద్దీ కోత పెరుగుతుందని అందరికీ తెలుసు. కాని మనది సహకార సంస్థ. అందుచేత ఒక మాట చేర్చండి: ఆఖరి నిమిషంలో రద్దయిన గది అదే రాత్రికి మరొకరికి దొరికితే, మొదటివారి సొమ్ము పూర్తిగా తిరిగి ఇవ్వాలి. సంఘానికి నష్టం రాలేదు. నష్టం రానప్పుడు కోత ఎందుకు? ఒకే మంచానికి ఇద్దరి దగ్గర డబ్బు తీసుకోవడం, ఒకే క్యాను పాలను రెండుసార్లు అమ్మడం ఒకటే. తుపాను, రోడ్డు తెగడం, ఇంట్లో చావు వంటివి వస్తే కోత ఉండకూడదు. వాయిదా అడిగితే అడ్వాన్సును ఒకసారి కొత్త తేదీకి మార్చండి. ఇవన్నీ పాలకవర్గం తీర్మానం చేసి గోడ మీద అంటించాలి. గుమాస్తా దయ మీద వదిలితే, దయ తెలిసినవాళ్ళకే దొరుకుతుంది.

ఐదు. గది దొరకనివారి పేర్లు, ఫోను నంబర్లు వరుసగా రాసి ఉంచండి. రద్దు రాగానే ఆ వరుసలోనే కబురు చేయండి. చెప్పిన వేళకు రానివారి గదిని ఎంతవరకు ఆపాలన్నది ముందే నిర్ణయించండి. రాత్రి ఎనిమిది అనుకుందాం. దారిలో బస్సు ఆగిందని ఫోను చేసినవారికి గది ఉండాలి. చీటీ మీద ఆఖరి బస్సుకు వస్తానని రాయించుకున్నవారికి ఎనిమిది గంటల నిబంధన వర్తించదు. సాయంత్రం పాలు పోయించుకుని బయలుదేరేవారు ఎనిమిదికి ముందు రాలేరు.

ఆరు. పెద్దల పేర గదులు మూసిపెట్టే అలవాటు మానాలి. అత్యవసరానికి ఒక గది ఉంచవలసి వస్తే తీర్మానంలో రాసి ఉంచండి. సాయంత్రం ఆరు దాటితే అది అందరి గదే. సహకార డిప్లొమా చదివిన రోజుల్లో మేము మొదట నేర్చుకున్న పాఠం ఇంగ్లండులోని రాచ్‌డేల్‌ది. 1844లో 28 మంది శ్రామికులు అక్కడ చిన్న దుకాణం తెరిచారు. సరైన తూకం, సభ్యుడికి ఒక్క ఓటు వారి నియమాలు. పదిమంది వాటాలున్నవాడికి కూడా ఓటు ఒక్కటే. అధ్యక్షులకు ఓటు ఒక్కటే అయినప్పుడు, ఆయన రాని రాత్రికి గది ఎందుకు?

ఏడు. మనమే రద్దు చేసే సందర్భాలూ ఉంటాయి. తరగతి వాయిదా పడుతుంది, కుళాయి పాడవుతుంది. ఆ కబురు ఆ రోజే చెప్పాలి, సొమ్ము అడగకుండానే పూర్తిగా తిరిగి ఇవ్వాలి. పాల బిల్లు బ్యాంకు ఖాతాకు పంపుతున్నాము. ఈ వాపసు కూడా అలాగే వెళ్ళాలి. వంద రూపాయల కోసం సభ్యుణ్ణి రెండుసార్లు తిప్పితే, అతను నూటయాభై బస్సు చార్జీలకే పెడతాడు.

మాట ఇచ్చిన సభ్యులకు కూడా ఒక మనవి. ఇంట్లో గేదె ఈనింది, పిల్లకు జ్వరం వచ్చింది, రాలేము. తప్పు లేదు. ఒక్క ఫోను చేయండి. మీరు వదిలిన గదిలో మరో ఊరి మనిషి పడుకుంటాడు. చెప్పకుండా ఊరుకోవడమే తప్పు. చెప్పిన కబురును రాయకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఆనాటి తరువాత మా తనిఖీ పద్ధతి మార్చుకున్నాము. ఇప్పుడు అతిథి గృహానికి పగలు వెళ్ళము. రాత్రి పదింటికి వెళ్తాము. పుస్తకం అడగకముందు గోడ మీద తాళంచెవుల బోర్డు చూస్తాము. తరువాత వరండా చూస్తాము. బోర్డు మీద తాళంచెవి, వరండాలో మనిషి, రెండూ ఒకేసారి కనబడితే, లెక్కలు పైసాతో సహా సరిపోయినా సంతకం పెట్టము.

మీరు కూడా మీ ఊళ్ళకు వెళ్ళాక, అతిథి గృహం ఉన్నవారు ఈ రాత్రే ఆ బోర్డు ఒకసారి చూడండి. లేనివారు, ఈసారి శిక్షణకు పంపేటప్పుడు మీ సభ్యురాలి చేతికి ఇచ్చిన చీటీకి అక్కడ గది ఉన్నదో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి.