నిరుద్యోగం లెక్కకు బయట ఉన్నవాళ్లు

 ఇవాళ మీరు పట్టా అందుకుంటున్నారు.

రేపటినుంచి మీరు ఉద్యోగం వెతుక్కుంటారు. వెతికినన్నాళ్లూ దేశం మిమ్మల్ని నిరుద్యోగులుగా లెక్కపెడుతుంది. ఇక దొరకదని వెతకడం మానేసి, పనికి సిద్ధమనీ చెప్పకపోతే ఆ లెక్కలోంచి కూడా తీసేస్తుంది. అబ్బాయిల్ని అలా మానెయ్యనివ్వరు. అమ్మాయిల చేత తొందరగానే మాన్పిస్తారు. అందుకే ఇవాళ ఈ లెక్క గురించే మాట్లాడాలనుకున్నాను.

పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ప్రకారం, 15 ఏళ్లు దాటిన స్త్రీలలో నిరుద్యోగం 2017-18లో 5.6 శాతం, 2023-24లో 3.2 శాతం. వినడానికి బాగుంది. కానీ ఈ శాతాన్ని స్త్రీలందరి మీదా కట్టరు. పని చేస్తున్నవాళ్లనూ, పని వెతుకుతున్న లేదా పనికి సిద్ధంగా ఉన్నవాళ్లనూ కలిపి శ్రామిక శక్తి అంటారు, దాని మీదే కడతారు. 2023-24లో స్త్రీలలో 41.7 శాతం మందే అందులో ఉన్నారు.

హిందూపురంలో ఒక వీధి అనుకోండి. 40 మంది ఆడవాళ్లు పనిలో ఉన్నారు, 5 మంది వెతుకుతున్నారు. నిరుద్యోగం 11 శాతం. వెతికి వెతికి ముగ్గురు పని మాటే వదిలేసి ఇంట్లో కూర్చున్నారు. ఇప్పుడది 5 శాతం కంటే తక్కువ. ఒక్కరికీ పని దొరకలేదు, అయినా అంకె సగానికి పైగా పడిపోయింది!

ధర్మవరంలో మగ్గమున్న ఇంటికి వెళ్లండి. గుంటలో కాళ్లు పెట్టుకుని భర్త నేస్తుంటాడు. పక్కనే రాట్నం దగ్గర భార్య కండెలు చుడుతుంటుంది. కండె అందకపోతే మగ్గం ఆగిపోతుంది. చీర కూలి మాత్రం భర్త చేతికొస్తుంది. సర్వే వాళ్లొచ్చి అడిగితే, “ఆమె ఇంట్లోనే ఉంటుంది సార్” అంటాడు ఆ ఇంటాయన. అప్పుడు ఆమెకు పడే కోడ్ 92, అంటే ఇంటిపని. కాస్త ఓపికపట్టి విడమరిచి అడిగితే 21 పడుతుంది, అంటే కుటుంబ వృత్తిలో జీతం లేని సహాయకురాలు. పని వెతుకుతున్నవాళ్లకు, పనికి సిద్ధమన్నవాళ్లకు వేసే 81 మాత్రం ఆమెకు ఎటూ పడదు. పవర్‌లూమ్ చీర దెబ్బకు ఆ మగ్గం ఆగిందనుకోండి. భర్త పని కోసం తిరిగితే నిరుద్యోగి అవుతాడు. అదే రోజు పని పోయిన భార్య గృహిణి అవుతుంది. ఒకే మగ్గం మీద ఇద్దరి పని పోతే లెక్కకెక్కేది ఒక్కరిదే. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది.

గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయే అమ్మాయి కాన్పు తర్వాత మానేస్తుంది. బిడ్డను చూసుకునే మనిషి లేక మళ్లీ పని అడగదు. ఆమెకూ 92 పడుతుంది.

పని వద్దనే వీళ్లు ఇంట్లో ఉన్నారంటారా? 2006 ఫిబ్రవరి 2న మన పక్కనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మన పల్లెల్లో కరువు పని అంటారు. ఇంటి దగ్గర్లో పని, ఆడా మగా అందరికీ ఒకే కూలి రేటు అనేసరికి దేశమంతటా ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే అయ్యాయి. 2011-12 జాతీయ నమూనా సర్వేలో ఇంటిపనిలో ఉన్న స్త్రీలను ఇంకో ప్రశ్న కూడా అడిగారు. ఇంట్లోనే చేసే పని దొరికితే చేస్తారా అని. పల్లెల్లో దాదాపు మూడోవంతు మంది చేస్తామన్నారు. వాళ్లెవరూ నిరుద్యోగుల లెక్కలో లేరు.

ఖాళీగా ఉన్నారనడం కూడా తప్పే. 2019 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలకు దానికే రోజుకు సగటున 299 నిమిషాలు పట్టింది, పురుషులకు 97. ఆడవాళ్ల పని లెక్కకెక్కకపోవడం మన దగ్గరే కాదు, అమెరికాలోనూ పాత జనాభా లెక్కల్లో పొలంలో, ఇంట్లో భార్యలు చేసిన పని చాలావరకు నమోదు కాలేదు. ఆ లెక్కను సరిచేసి చూపిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మీలో కొందరు సచివాలయాల్లో చేరతారు, కొందరు పెనుకొండ, హిందూపురం ఫ్యాక్టరీల్లో ఆఫీసర్లవుతారు, ఒకరిద్దరు సర్వే కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ తిరిగేవాళ్లను ఒకటి కోరుతున్నాను. ఇంటాయన జవాబు రాసుకుని వచ్చెయ్యకండి. ఆమెనే పిలిచి కూర్చోబెట్టి అడగండి. “పొద్దున్నుంచి ఏమేం చేశావమ్మా? కండెలు చుట్టావా? చెనక్కాయలు వలిచావా? దగ్గర్లో పనుంటే పోతావా? పోకపోతే ఎందుకు?” ఆ చివరి ప్రశ్న ఇప్పుడున్న ఫారంలో లేకపోతే, ఉండాలని పై అధికారులకు రాయండి. ఏటా నిరుద్యోగ శాతం అచ్చువేసే పేజీలోనే ఆ జవాబులూ అచ్చుకావాలి.