ఎండలో కనిపించని వెలుగు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఐరాలలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నాతో, "మాస్టారూ, మీరు ఆరోగ్యానికి పనికొచ్చే సైన్సు విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. ముప్ఫై రెండేళ్ళు హైస్కూళ్ళలో భౌతిక శాస్త్రం చెప్పినవాణ్ణి. అందుకని మనందరికీ పైసా ఖర్చు లేకుండా దొరికే ఎండను గురించి చెబుతాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని కూడా దాచుకోకుండా మీ ముందు పెడతాను.

ఎండలో మూడు రకాల కిరణాలున్నాయి. కంటికి కనిపించే వెలుగు ఒకటి. వేడి పుట్టించే పరారుణ కిరణాలు రెండోవి. కంటికి కనిపించక, వేడీ తెలియనివ్వక చర్మం మీద పనిచేసే అతినీలలోహిత కిరణాలు మూడోవి. 1801లో జర్మనీ దేశస్థుడు రిట్టర్ వీటిని కనిపెట్టాడు. వెలుగును రంగులుగా విడదీసి, ఊదారంగుకు అవతల, ఏమీ కనిపించని చోట వెండి లవణం పూసిన కాగితం పెట్టాడు. అక్కడే అది అన్నిటికంటే త్వరగా నల్లబడింది.

ఈ అతినీలలోహిత కిరణాలను మళ్ళీ ఎ, బి, సి అని మూడుగా విభజించారు. వీటి పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. 'ఎ' కిరణాలు 315 నుండి 400 వరకు, 'బి' 280 నుండి 315 వరకు, 'సి' 100 నుండి 280 వరకు. పొడవు తగ్గేకొద్దీ శక్తి ఎక్కువ.

అన్నిటికంటే ప్రమాదకరమైన 'సి' కిరణాలు ఎండలో మన దాకా రావు. ఆకాశంలోని ఓజోను పొర, ప్రాణవాయువు వాటిని పైనే ఆపేస్తాయి. కానీ మనుషులు తయారుచేసినవి ఉన్నాయి. ఇళ్ళలో నీళ్ళ ఫిల్టరులో సూక్ష్మజీవులను చంపే దీపం అదే. వెల్డింగు మంటలోనూ ఇవి ఉంటాయి. వెల్డింగు షాపు ముందు నిలబడి తేరిపార చూసిన పిల్లవాడికి ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్లు మండేది ఇందుకే. మనవళ్ళకు ఈ సంగతి చెప్పండి.

'బి' కిరణాలలో ఎక్కువ భాగం పైనే ఆగిపోయి, కొద్ది భాగం మాత్రం నేలకు చేరుతుంది. ఇవి చర్మం పైపొరలో పనిచేస్తాయి. ఎండలో తిరిగిన కొన్ని గంటల తర్వాత చర్మం ఎర్రబడి మండటం వీటి పనే. జీవకణాల లోపలి డి.ఎన్.ఎ.ను దెబ్బతీసి, ఏళ్ళ తరబడి పోగుపడితే చర్మ క్యాన్సరుకు దారి తీసేవి కూడా ముఖ్యంగా ఇవే. అయితే మన చర్మంలో విటమిన్ డి తయారు చేసేవి కూడా ఇవే.

నేలకు చేరే అతినీలలోహిత కిరణాలలో సుమారు 95 శాతం 'ఎ' కిరణాలు. ఇవి చర్మం లోపలి పొర దాకా దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే పోగులను తెంపుతాయి. ముడతలు, మచ్చలు వీటి చలవే. 2012లో ఒక అమెరికా వైద్య పత్రికలో 69 ఏళ్ళ వాహన చోదకుడి ఫోటో వేశారు. 28 ఏళ్ళు సరుకుల బండి నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప నునుపుగానే ఉంది. కిటికీ అద్దం 'బి' కిరణాలను ఆపుతుంది కానీ, 'ఎ' కిరణాలను చాలావరకు లోపలికి వదులుతుంది. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి మన డ్రైవరు సోదరులు కుడి చెంప చూసుకోవాలి.

ఇక నా తప్పు సంగతి. 2020లో మేమిద్దరం బెంగుళూరులో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి, కరోనా కారణంగా దాదాపు రెండేళ్ళు అక్కడే ఉండిపోయాం. తొమ్మిదో అంతస్తు. బయటికి అడుగు పెట్టేది లేదు. నా శ్రీమతి రోజూ మూసిన అద్దాల తలుపు పక్కన కుర్చీ వేసుకుని, ఎండ పడేచోట కూర్చునేది. తిరిగి ఊరికి వచ్చాక, "ఏమండీ, కాళ్ళు ఎముకల్లోంచి నొస్తా ఉండాయి" అనేది. కింద కూర్చుంటే మోకాళ్ళ మీద చేతులు ఆనించి గానీ లేవలేకపోయేది. వయసు పైబడింది, అంతేలే అన్నాను. నూనె రాయమన్నాను. ఆరు నెలలు అలాగే గడిచిపోయాయి.

చివరికి డాక్టరు గారు రక్తపరీక్ష చేయించారు. మిల్లీలీటరు రక్తంలో కనీసం 20 నానోగ్రాములు ఉండవలసిన విటమిన్ డి ఆమెకు 8 మాత్రమే ఉంది. "రోజూ ఎండలో కూర్చునేది కదండీ" అన్నాను నేను. "అద్దం తీసా, వేసా?" అని అడిగారు ఆయన. నాకు నోట మాట రాలేదు. అతినీలలోహిత కిరణాల ప్రయోగానికి గాజు పట్టకం పనికిరాదు, క్వార్ట్జ్ పట్టకం వాడాలి, ఎందుకంటే గాజు వాటిని పీల్చుకుంటుంది అని ఎన్ని తరగతులకు చెప్పి ఉంటానో! పరీక్షలో రాయని పిల్లలకు మార్కులు కోసినవాణ్ణి. నా ఇంట్లో మాత్రం ఆ పాఠం గుర్తుకు రాలేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులు తిరుపతిలోను, చుట్టుపక్కల పల్లెల్లోను పరీక్షలు జరిపి 2007లో ఫలితాలు ప్రకటించారు. పొలం పని చేసే పల్లె జనంలో పట్టణవాసుల కంటే విటమిన్ డి ఎక్కువగానే ఉన్నా, ఇంత ఎండ కాచే సీమలో కూడా లోపం విస్తారంగా కనిపించింది. తిండిలో కాల్షియం కూడా ఇరువురికీ తక్కువే.

2013లో ప్రచురించిన మరో పరిశోధనలో, చర్మంలో విటమిన్ డిగా మారే పదార్థాన్ని చిన్న గాజు గొట్టాలలో ఉంచి, తిరుపతి ఎండలో ఉదయం 8 నుండి సాయంత్రం 4 వరకు గంట గంటకు పరీక్షించారు. ఏడాది పొడవునా 11 గంటల నుండి 2 గంటల మధ్యనే మార్పు అత్యధికంగా జరిగింది. తెల్లవారిన వెంటనే వచ్చే లేత ఎండ నడకకు హాయి, మనసుకు మంచిది. విటమిన్ డికి మాత్రం అది చాలదు. ఏటవాలుగా వచ్చే ఎండ ఎక్కువ గాలిని దాటి రావాలి, ఆ దారిలో 'బి' కిరణాలు ఆగిపోతాయి.

దీనికి సులువైన గుర్తు మన నీడ. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉంటే 'బి' కిరణాలు బలంగా ఉన్నట్లు. మన ఐరాలలో ఈ డిసెంబరు నెలలో కూడా మధ్యాహ్నపు నీడ మన ఎత్తులో ముప్పావు వంతే. ఏప్రిల్ చివరి వారంలో, ఆగస్టు మూడో వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నీడ కాళ్ళ కిందికే వస్తుంది. చల్లగాలి వీచినా, పలుచని మబ్బు పట్టినా మోసపోకండి. చుర్రుమనిపించేది వేరు, చర్మాన్ని కాల్చేది వేరు.

మరి మంచి, చెడు రెండూ ఒకే సమయంలో ఉన్నాయే, ఏం చేయాలి? డాక్టరు సలహాతో మా ఇంట్లో పాటిస్తున్నది చెబుతాను. వారానికి మూడు నాలుగు రోజులు, పదకొండు దాటాక ఇరవై నిమిషాలు. చేతులకు, కాళ్ళకు ఎండ తగలాలి, ముఖానికి, తలకు నీడ ఉండాలి. నడివేసవిలో ఇంకా తక్కువ. ఆ తర్వాత గొడుగో, తలగుడ్డో, నిండు చేతుల చొక్కానో తప్పనిసరి. వారానికొకసారి వేసుకునే 60,000 యూనిట్ల మందును మాత్రం డాక్టరు చెప్పినన్నాళ్ళే వాడాలి. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు.

మన వయసువారికి మరి నాలుగు మాటలు. బి.పి.కి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్, జ్వరాలకు ఇచ్చే డాక్సీసైక్లిన్ వంటి మందులు చర్మాన్ని ఎండకు ఓర్వలేనిదిగా చేస్తాయి. మందు మానకండి, డాక్టరును అడగండి. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పడనివారికి ముఖం, మెడ దురదపెట్టి నల్లబడుతుంది, ఎండ తగిలితే మరీ ఎక్కువ. బొల్లికి బావంచాలు నూరి రాసుకుని ఎండలో కూర్చునే అలవాటు మనకు ఉంది. ఆ గింజలోని సోరాలెన్ అనే పదార్థం 'ఎ' కిరణాలతో కలిసి పనిచేస్తుంది. వైద్యులు కొలిచిన వెలుగులో దాన్నే వాడతారు. కొలత లేకుండా ఇంట్లో చేస్తే బొబ్బలెక్కుతుంది. నాలుగోది, మన నల్లని చర్మం మనకు పెద్ద రక్షణే గానీ పూర్తి కవచం కాదు. ముఖం మీద, చెవి మీద నెల దాటినా మానని పుండు, పెరిగే పుట్టుమచ్చ ఉంటే చూపించుకోండి.

నా శ్రీమతి ఇప్పుడు కోలుకుంది. పదకొండు గంటలకు మిద్దె మీద వడియాలు పెడుతూ, కిందినుంచి తనంతట తానే లేస్తోంది. అప్పుడప్పుడూ నా వైపు చూసి, "పిల్లోళ్ళకంతా చెప్పినారు, నాకు చెప్పలేదే" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకైనా చెప్పాలని ఇంత సేపు తీసుకున్నాను. మీ ఇంట్లో ఎవరైనా అద్దం వెనక కూర్చుని ఎండ కాచుకుంటుంటే, ఈ రోజే ఆ తలుపు తీయండి. ఎవరైనా ఎముకల నొప్పి అంటే, వయసు అని తీసిపారేయకండి.